24 గంటలు ఆగమన్నారు: నా అనుభవం

మా ఊరి సేవా క్లబ్ సమావేశంలో నిన్న తప్పిపోయినవారి గురించి ప్రసంగం పెట్టారు. పట్టుబట్టి పెట్టించింది నేనే. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, కోశాధికారి లెక్కలు అన్నీ అయ్యేసరికి సగం సమయం పోయింది. వచ్చిన వక్త సీఐగా చేసి రిటైరైన పెద్దాయన. మైకు అందుకోగానే "మనిషి కనిపించకపోతే 24 గంటలు ఆగాలన్న రూలు ఏ చట్టంలోనూ లేదు" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు. ఆ లేని రూలు చెప్పే మమ్మల్ని స్టేషన్ గుమ్మం నుంచి వెనక్కి పంపారు.

మా నాన్నగారు పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. కొన్నాళ్లుగా మతిమరుపు జబ్బు. అమ్మ మందుల షాపులో చిల్లర తీసుకునేలోపు బస్ కాంప్లెక్స్ జనంలో కలిసిపోయారు. బంధువులకు ఫోన్లు చేశాం, ఆటోస్టాండులో ఫొటో చూపించాం. చీకటి పడ్డాక స్టేషన్‌కి వెళ్లాం.

ఫిర్యాదులు రాసుకునే రైటర్ తలెత్తకుండానే అడిగాడు: "ఇంట్లో గొడవలేమైనా అయ్యాయా?" లేదన్నాను. "ఆస్తి ఎవరి పేరున ఉంది?" చెప్పాను. అప్పుడు అమ్మ వైపు తిరిగి, "ముసలాయనకి వేళకి అన్నం పెడుతున్నారా?" అన్నాడు. పెళ్లయిన దగ్గర్నుంచి నాన్నగారు తిన్నాకే తాను తిన్న మనిషిని, పదిమంది ముందు అడిగిన మాట అది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కాళ్లు వణికాయి. "మగాళ్లెవరూ లేరా?" అన్నాడు. తమ్ముడు మస్కట్‌లో ఉన్నాడని చెప్పాను. "24 గంటలు చూడండి, ఆయనే వచ్చేస్తాడు. అయినా కాంప్లెక్స్ మా పరిధి కాదు" అన్నాడు. రెండో స్టేషన్‌కి వెళ్తే, ఇల్లు ఎక్కడుందో అక్కడే ఇవ్వాలన్నారు. మళ్లీ మొదటి దానికే వచ్చాం. షుగరున్న అమ్మ బల్ల మీద కూర్చుని, లోపలికి వచ్చే ప్రతి కానిస్టేబుల్‌కీ నాన్నగారి ఫొటో చూపిస్తూనే ఉంది. చివరికి మా వీధి లాయరుగారు ఎస్సైకి ఫోన్ చేశారు. అదే రైటర్ అదే కాగితం తీసుకుని "మ్యాన్ మిస్సింగ్" అని కేసు కట్టాడు. లాయరు తెలియనివాళ్లు ఆ రాత్రి ఎవరి కాళ్లు పట్టుకోవాలి? పోలీసుల్లో మంచివాళ్లు లేరనను. కానీ తండ్రి కోసం ఏడుస్తూ వచ్చిన ఆడవాళ్లని ముద్దాయిల్లా నిలబెట్టడం అన్యాయం. ఎక్కడైనా, ఎవరి ముందైనా ఈ మాట చెబుతాను.

తర్వాత పెద్దాసుపత్రి మార్చురీలో "గుర్తు తెలియని వ్యక్తి" అని రాసి ఉన్న ఒకరిని చూడాల్సి వచ్చింది. నాన్నగారు కాదు. దాని గురించి ఇంకేమీ రాయలేను.

ఆయన తునిలో దొరికారు. ఒకప్పుడు అక్కడి పోస్టాఫీసులో పనిచేశారు. ఆ ఆఫీసు పక్కన టిఫిన్ బండి నడిపే ఆవిడ వాట్సాప్‌లో మేం పెట్టిన నాన్నగారి ఫొటో చూసి ఫోన్ చేసింది. ఈ జబ్బున్నవాళ్లు పాత ఊరికో, పాత ఉద్యోగానికో బయల్దేరడం మామూలేనట. మీ ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లుంటే ముందు అక్కడ వెతికించండి. వాళ్ల చొక్కా జేబు లోపల ఫోన్ నంబరు కుట్టించండి. సీసీ కెమెరా ఫుటేజీ కొన్నాళ్లకి చెరిగిపోతుంది కాబట్టి మొదటి రోజే అడగండి. ఫొటోతో పాటు నంబరు పెడితే, "మీవాళ్లు మా దగ్గరున్నారు, డబ్బు పంపండి" అనే దొంగ ఫోన్లు కూడా వస్తాయి. మాకూ వచ్చాయి. వీడియో కాల్‌లో మనిషిని చూపించందే రూపాయి పంపకండి.

ప్రసంగంలో నాకు బాగా పనికొచ్చింది చట్టం సంగతి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే చట్టంలోని 173వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని చెబితే పరిధి కాదన్న వంకతో వెనక్కి పంపకూడదు. జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పని లేకుండా కట్టే కేసు, కట్టి సరైన స్టేషన్‌కి బదిలీ చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. పిల్లల విషయం ఇంకా గట్టిది. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు వస్తే కిడ్నాప్ లేదా అక్రమ రవాణా జరిగిందని భావించి కేసు కట్టాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అత్యవసరానికి 112, పిల్లల కోసం 1098, వృద్ధుల సహాయానికి 14567.

ప్రసంగం అయ్యాక వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. మతి స్థిమితం లేని తన తమ్ముడు కనిపించకుండా పోయి ఏడాది దాటిందట, కాగితమైతే ఇచ్చిందట, కేసు కట్టారో లేదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదట. ఆశ్రమాల్లో ఉన్నవాళ్లని ఆధార్‌కి తీసుకెళ్లినప్పుడు, వేలిముద్రలు ముందే నమోదై ఉన్నాయని తేలి ఇల్లు చేరినవాళ్లు ఉన్నారని, ఆశ వదులుకోవద్దని వక్త చెప్పారు. అధ్యక్షుడు వందన సమర్పణకి తొందరపడుతుంటే నేను ఆవిడ పక్కన కూర్చుని వివరాలన్నీ రాసుకున్నాను. ఈ సోమవారం ఎస్పీ ఆఫీసులో జనం ఫిర్యాదులు వినే గ్రీవెన్స్‌కి ఆవిడతో వెళ్తున్నాను. ఎఫ్‌ఐఆర్ నంబరు చేతికివ్వందే అక్కణ్నించి కదలం.