విరుగుడు కూడా రాసిన గురువు

శనివారం. మా పాత యూరప్ కత్తిసాము క్లబ్‌లో ప్రాక్టీస్ అయ్యాక అందరం బెంచీల మీద కూలబడి షూలు విప్పుకుంటుంటే మళ్ళీ అదే గొడవ. ఆ పాత గురువుల్లో ఎవరు గొప్ప? ఒకడు ఇటలీ గురువు ఫియోరె అంటాడు, ఇంకొకడు జర్మన్ గురువు లీష్టెనావర్ తప్ప మిగతా వాళ్ళంతా వేస్ట్ అంటాడు, సన్నకత్తి (రేపియర్) బ్యాచ్‌లో వాళ్ళకేమో ఇటలీ మాస్టర్ కపోఫెర్రో దేవుడు. ఎప్పుడో పోయిన వాళ్ళ కోసం జర్మనీలో ఇంతమంది ఇంత సీరియస్‌గా వాదించుకుంటారని ఇక్కడికి రాకముందు ఎవరైనా చెప్పుంటే నవ్వేదాన్ని. ఇప్పుడు నేనూ వాళ్ళలో ఒకదాన్నే, అది వేరే సంగతి.

బస్సులో ఇంటికొస్తూ అదే ఆలోచించాను. వీళ్ళు కత్తి పట్టుకుంటే ఎలా ఉండేదో మనలో చూసినవాళ్ళు ఎవరూ లేరు. మిగిలింది పుస్తకాలు. కత్తి తిప్పడం వచ్చినవాడికల్లా దాన్ని కాగితం మీద పెట్టడం రాదు. అందుకే నేను చూసేది ఒక్కటే: తను నేర్పే దెబ్బ ఎక్కడ పనిచేయదో, దానికి విరుగుడు ఏంటో ఆయనే చెప్తాడా లేదా. "ఇది చెయ్యి, వాడు పడిపోతాడు" అని రాయడానికి పెద్ద గురువే అక్కర్లేదు.

ఆ లెక్కన ఫియోరె దేయి లిబెరి నాకు చాలా ఇష్టం. 1410 ప్రాంతంలో ఫెరారా ప్రభువు మూడో నికోలో కోసం తయారుచేసిన పుస్తకం. ముందుమాటలో గొప్పలు లేకపోలేదు. తన మీద అసూయపడ్డ మాస్టర్లతో ఐదుసార్లు పదును కత్తులతో తలపడ్డానని, ఒంటి మీద మెత్తటి చొక్కా, చేతులకి తోలు గ్లోవ్స్ తప్ప కవచమే లేదని, అయినా దెబ్బ తగలకుండా బయటపడ్డానని చెప్పుకుంటాడు. నిజమే కావచ్చు, కానీ ఆ కథకి మార్కులు వేయను. మార్కులు ఎక్కడంటే ఆయన బొమ్మలు పేర్చిన పద్ధతికి. విరుగుడు చూపించే మాస్టర్ తల మీద కిరీటం ఉంటుంది, ఆ పట్టుని కొనసాగించే శిష్యుడికి మోకాలి కింద పట్టీ ఉంటుంది, ఆ ఇద్దరినీ చిత్తు చేసేవాడికి కిరీటమూ పట్టీ రెండూ ఉంటాయి. ఒక్క అక్షరం చదవకపోయినా ఆ బొమ్మలో ఎవరు గెలుస్తున్నారో, వాణ్ణి ఎవరు ఆపగలరో తెలిసిపోతుంది. ఆరు వందల ఏళ్ళ కింద ఇంత ఆలోచించిన మనిషి, పుస్తకాలు లేకపోతే ఈ విద్యలో పావు వంతు కూడా గుర్తుండదని తనే రాశాడు. గుర్తుపెట్టుకోవడం ఎంత కష్టమో తెలిసినవాడు కాబట్టే అలా పేర్చాడు.

ఇంకోటి, ఆయన నాలుగు జంతువుల బొమ్మలో బలానికి గుర్తుగా ఏనుగు ఉంటుంది, వీపు మీద కోటతో. నేను మోకాలు వంచను, అడుగు తప్పను అంటుంది ఆ ఏనుగు. గుడి ఉత్సవాల్లో ఏనుగులు మోకాళ్ళ మీద కూర్చోవడం చూసినవాళ్ళకి ఇది చదివితే నవ్వొస్తుంది.

పప్పు కుక్కర్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌లో ఆ స్కాన్లు చూస్తుంటే అమ్మ వీడియో కాల్. "ఏమే, ఇంకా ఆ కత్తులేనా? ఉతికిన బట్టలు ఆరేశావా లేదా?" ఆరేయలేదు.

లీష్టెనావర్ సంగతి వేరు. పద్నాలుగో శతాబ్దపు మనిషి, ఆయన పేరు మీద మిగిలింది కొన్ని పద్యపాదాలు, అవీ కావాలనే మర్మంగా కట్టినవి, అడ్డమైనవాళ్ళ చేతిలో పడి విద్య చవకబారిపోకూడదని. మన సూత్రగ్రంథాల లాగే వ్యాఖ్యానం లేకపోతే ముక్క అర్థం కాదు. కాబట్టి నన్నడిగితే మార్కులు వ్యాఖ్యాతలకి పడాలి. రింగెక్, ఇంకా పేరు తెలియని ఒకరిద్దరు, వాళ్ళే లేకపోతే మా క్లబ్‌లో సగం మందికి పనే ఉండదు. ముందుగా దెబ్బ వేయడం, వెనక్కి పడి జవాబివ్వడం, రెండింటి మధ్య ఆ క్షణంలోనే పసిగట్టడం అనే మూడు మాటల మీద ఆ విద్య మొత్తం నిలబెట్టారు. కత్తికి కత్తి ఆనించినప్పుడు ఎదుటివాడు గట్టిగా నొక్కుతున్నాడా, వదులుగా పట్టాడా అన్నది చేతితో తెలుసుకోవాలంటారు. ఇది బొమ్మలో కనపడేది కాదు, అయినా మాటల్లో పెట్టగలిగారు. నూరెంబర్గ్‌లో ఉన్న పాత ప్రతి ఇంకో నిజం కూడా చెప్తుంది: ఈ విద్య లీష్టెనావర్ కనిపెట్టింది కాదు, అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఉంది, ఆయన దేశాలు తిరిగి నేర్చుకున్నాడు, అంతే అని. భక్తులు ఈ వాక్యం దాటేసి చదువుతారు.

ఇంకో జర్మన్ మాస్టర్ టాల్‌హోఫర్ 1467 పుస్తకం బొమ్మలు అద్భుతం. భర్తని నడుము లోతు గుంటలో నిలబెట్టి, భార్య చేతికి గుడ్డలో కట్టిన రాయి ఇచ్చి కొట్టుకోమనే కోర్టు తగవు బొమ్మలు కూడా ఆయన దగ్గర ఉన్నాయి. కానీ బొమ్మ కింద ఒక్క ముక్క తప్ప ఏమీ ఉండదు. ముందే ఆ విద్య వచ్చినవాళ్ళకి గుర్తు చేయడానికి బాగుంటుంది, నాలాంటి వాళ్ళకి కాదు.

ఇంగ్లీషువాడు జార్జ్ సిల్వర్ దగ్గరికొస్తే నాకు కోపమూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. 1599లో లండన్‌లో అచ్చేసిన పుస్తకం, ఇటలీ నుంచి వచ్చి ఇంగ్లీషు దొరబాబులకి సన్నకత్తి నేర్పే వాళ్ళ మీద పుట్టెడు అక్కసు. తనూ, తన అన్నదమ్ముడు టోబీ కలిసి ఆ ఇటలీ మాస్టర్లలో ఒకడైన సావియోలోకీ ఆయన తోటివాడికీ సవాలు విసిరారట, ఊరంతా కాగితాలు అంటించారట, ఎత్తయిన వేదిక మీద పోరు, వెనక్కి మరీ తగ్గితే కిందపడి మెడ విరగాల్సిందే. ఇటలీ వాళ్ళు రాలేదు. అయితే ఇదంతా సిల్వర్ నోటి మాటే, అవతలి వాళ్ళ పుస్తకంలో దీని ఊసు లేదు, కాబట్టి సగం తగ్గించుకుని చదువుతాను. అసూయ పక్కన పెడితే మాత్రం ఆయన అడిగిన ప్రశ్నకి ఇప్పటికీ జవాబు చెప్పాలి: ఇద్దరూ ఒకేసారి పొడుచుకుని ఇద్దరూ చస్తుంటే మీరు నేర్పేది ఏం విద్య? కొట్టడం నేర్పుతున్నారు సరే, కాచుకోవడం ఏది? మరి తన పద్ధతి ఎలా చేయాలో వివరంగా రాసిన రెండో పుస్తకమేమో 1898 దాకా అచ్చే కాలేదు. తిట్లు ముందు వచ్చాయి, పాఠం మూడు వందల ఏళ్ళ తర్వాత.

కపోఫెర్రోని నేను కొంచెం తక్కువగానే చూస్తాను. 1610 సియెనా పుస్తకం, ముందుకి సాగి పొడిచే ఆ బొమ్మ ప్రతి క్లబ్ గోడ మీదా ఉంటుంది, అది బంగారం లాంటి బొమ్మ, కాదనను. కానీ దొంగదెబ్బ (ఒకచోట కొడుతున్నట్టు చూపి ఇంకోచోట కొట్టడం) చూపించడం మంచిది కాదు, సమయం పోతుంది అని మాటల్లో చెప్పిన మనిషి, తర్వాత బొమ్మల దగ్గర అదే దొంగదెబ్బ చూపించమంటాడు. అడిగితే ఇక్కడ అందరికీ కోపాలు.

మిగిలింది యోవాఖిమ్ మేయర్. మనిషి చాకులు చేసే పనివాడు, పుట్టింది బాసెల్‌లో, స్ట్రాస్‌బుర్గ్‌లో స్థిరపడి 1570లో పెద్ద పుస్తకం అచ్చేశాడు. దానికి అయిన అప్పులు తీర్చాలని ష్వెరీన్ ప్రభువు దగ్గర ఉద్యోగానికి వెళ్ళి, చేరీ చేరకముందే 1571 ఫిబ్రవరిలో పోయాడు. మా వాళ్ళు ఆయన్ని ఆటల మాస్టర్ అని కొట్టిపారేస్తారు, పెద్దకత్తితో పొడవడం నేర్పలేదని. కానీ మా జర్మన్ల మధ్య ఇప్పుడు అది ఆచారం కాదు కాబట్టి రాయడం లేదని ఆయనే చెప్పాడు కదా, సన్నకత్తి దగ్గరికొచ్చేసరికి పొడవడం బాగానే నేర్పాడు. పైగా పోరుని మూడు ముక్కలు చేశాడు: దగ్గరికి వెళ్ళడం, కత్తులు కలిశాక చేసే చేతిపని, వెనక్కి తప్పుకోవడం. దెబ్బ వేశాక క్షేమంగా ఎలా బయటపడాలో ఆ మూడో ముక్కలో ఉంటుంది. సిల్వర్ అడిగింది కూడా దాదాపు అదే.

మా ప్రాక్టీస్‌లో ఆ మూడోదే ఎగ్గొడతాం. కత్తి తగలగానే ఇద్దరూ ఆగిపోయి పాయింట్ కోసం రెఫరీ వైపు చూడటమే. మంగళవారం క్లాసులో తప్పుకునే డ్రిల్ ఒక్కటైనా పెట్టమని కోచ్‌ని అడగాలి, బోర్ అంటారు, అన్నా సరే అడుగుతాను.