వేట ఫొటోలు, అన్నీ ఒడ్డు మీదవే

మా ఇంట్లో చేపల వేట ఫొటోలు అని చెప్పుకునే ఆల్బమ్‌లో ఒక్క ఫొటోలో కూడా వేట లేదు. అన్నీ ఒడ్డు మీద తీసినవే. కెమెరా మా చిన్న మావయ్యది, పెళ్ళిళ్ళకి తీయగా రోల్‌లో నాలుగైదు మిగిలితే వేస్ట్ ఎందుకని వైజాగ్‌లో మా పెదజాలరిపేట ఒడ్డుకొచ్చి కొట్టేసేవాడు, తెప్ప మీదకి మాత్రం కెమెరా ఎక్కనిచ్చేవాడు కాదు. తడిస్తే మళ్ళీ కొనగలమా అని. అలా నాన్న జీవితంలో సగం ఎక్కడ గడిచిందో అక్కడి ఫొటో మాకు ఒక్కటీ లేదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి రేకులు లేచిపోయి బీరువాలోకి కూడా నీళ్ళొచ్చాయి, ఆల్బమ్ తడిసి ఫొటోలన్నీ ప్లాస్టిక్ షీట్లకి అతుక్కుపోయాయి. లాగితే రంగు ఊడొచ్చేస్తుంది. అందుకే లాగకుండా షీటుతోనే స్కాన్ చేసి లాప్‌టాప్‌లో పెద్దగా పెట్టి నాన్నకి చూపిస్తున్నా. అసలు విషయాలన్నీ అప్పుడే బయటికొస్తున్నాయి.

ఒక ఫొటోలో ఇద్దరు మనుషులు తెప్ప ముక్క భుజాన వేసుకుని ఇసకలో నడిచొస్తున్నారు. ఇప్పటి పిల్లలు ఫైబర్ బోట్లే చూశారు కాబట్టి చెప్తున్నా, తెప్ప అంటే తేలిక కర్ర దుంగలు కలిపి కట్టిందే, లోపలికొచ్చిన నీళ్ళు సందుల్లోంచి పోతూనే ఉంటాయి కాబట్టి మునగదు, కానీ ఒడ్డుకి రాగానే కట్లు విప్పి రెండు ముక్కలు చేసి ఎండబెట్టాలి, లేకపోతే కర్ర నీళ్ళు తాగి రెండోరోజుకి బరువెక్కిపోతుంది. రాత్రంతా సముద్రంలో ఉండి వచ్చిన మనిషి మళ్ళీ ఆ బరువు మొయ్యాలి. నాకు మాత్రం చిన్నప్పట్నుంచీ ఆ ఫొటోలో కనిపించింది ఇద్దరు నవ్వుతున్న మనుషులే.

నాన్న మనుషుల్ని చూడలేదు, వెనక కొండ చూశాడు. "జూమ్ చెయ్యరా, ఆ కొండ కొస కనబడాలి" అన్నాడు. జీపీఎస్ లేని రోజుల్లో చేపలుండే చోటు గుర్తుపెట్టుకునేది కొండల్ని బట్టేనంట. దగ్గర కొండా దూరం కొండా ఒకదాని వెనక ఒకటి ఒక వరసలోకి వస్తే ఒక గీత, ఇంకో పక్క డాల్ఫిన్ నోస్ కొండకీ దాని వెనక ఇంకోదానికీ అలాగే కుదిరితే ఇంకో గీత, రెండు గీతలూ కలిసేచోట వల వెయ్యడం. ఏ చోటుకి ఏయే కొండలు చూడాలో తండ్రి కొడుక్కి చెప్పాలి, పక్కింటోడికి చెప్పకూడదు. నాకు చెప్పాల్సిన అవసరం ఆయనకి రాలేదు, నేను డిగ్రీకి వెళ్ళిపోయాను. అదే మాట ఇప్పుడు స్క్రీన్ మీద వేలు పెట్టి చెప్తుంటే రాసుకుంటున్నాను, ఇలాంటివి పేపర్ మీద పెట్టినవాళ్ళు మా పేటలో ఎవరూ లేరు.

కొమ్ము కోనాం, అంటే ఈటెలాంటి ముక్కుండే చేప, దాని ఫొటో అందరికీ ఇష్టం. నాకంటే పొడుగు చేప, దాని పక్కన నిక్కరేసుకుని నేను. పట్టింది మా పెదనాన్న, గేలానికి పడితే తెప్పని చాలాసేపు ఈడ్చుకుపోయిందంట, తాడు వదలకుండా, మరీ బిగపట్టకుండా దాన్ని అలసిపోనివ్వడమే పని. చిన్నప్పుడు ఈ కథ హీరో కథలాగే విన్నాను. 2022లో పరవాడ దగ్గర ముత్యాలమ్మపాలెం మత్స్యకారుడు ఒకాయన ఇదే కొమ్ము చేప పొడిచి చనిపోయాడని వార్త వచ్చినప్పుడు ఆ ఫొటో మళ్ళీ తీసి చూశా, చేప ముక్కు ఎంత పొడుగుందో అప్పుడు చూశాను. పెదనాన్న చేతికి గుడ్డ చుట్టి ఉంది. తాడు ఒరుసుకుని తెగిన చెయ్యి అది. ఇన్నేళ్ళు ఎవరం అడగలేదు.

కానీ అన్నిటికంటే నాకు విలువైనవి పెద్దవల ఫొటోలు. నావ మీద వల తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంగా వేసి రెండు కొసల తాళ్ళూ ఒడ్డు మీదనుంచి లాగుతారు కదా, పేటంతా వచ్చేస్తుంది, ముసలోళ్ళు పిల్లలు కూడా. వల ఒడ్డుకొచ్చాక ఫొటో నిండా ఆడవాళ్ళే. కవ్వళ్ళు (సార్డిన్ చేపలు) ఒక కుప్ప, కానాగంతలు (మాకెరల్) ఒక కుప్ప వేరు చేసేది వాళ్ళు, వేలం పాడేది వాళ్ళు, గంప నెత్తిన పెట్టుకుని ఎంవీపీ కాలనీ, ఉషోదయ దాకా నడిచి అమ్మేది వాళ్ళు, మిగిలిన నెత్తళ్ళు, అంటే చిన్న చేపలు, ఇసకలో ఎండేసేది వాళ్ళు. కెమెరా సముద్రంలోకి వెళ్ళలేదు కాబట్టే వీళ్ళ పని ఇంత వివరంగా దొరికింది మాకు, లేకపోతే మగాళ్ళూ చేపలూ తప్ప ఇంకేం మిగిలేవి కాదు. ఒకదాంట్లో మా అమ్మ పక్కకి తిరిగి ఎవరితోనో గొడవపడుతోంది, చెయ్యి పైకెత్తి. ధర దగ్గర అయ్యుంటుంది. ఆ ఫొటోని ఫ్రేమ్ కట్టించాను, ఆవిడ ఒప్పుకోలేదు, అయినా కట్టించాను.

ఇప్పుడు చేస్తున్న పని ఒకటే, ప్రతి ఫొటోకీ మనుషుల పేర్లు, వరసలు, ఏ కాలంలో తీసిందో రాయడం. ఏ నెలో నాన్నే చెప్తాడు, నీటి రంగు, గాలికి అలల నురుగు ఎటు పోతోందో చూసి ఇది దక్షిణం గాలి, వేసంకాలం అంటాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ ఆయనకి తోడుగా పాత వేటగాళ్ళు కూడా ఖాళీగా దొరుకుతారు, ఇంటికొచ్చి టీ తాగుతూ చూసి చెప్తారు.

తెప్ప మోస్తున్న ఇద్దరి దగ్గరే ఆగిపోయాం. ముందున్నది మా మేనత్త భర్త అని నాన్న, కాదు ఆయన అన్నయ్య అని పిన్ని. వెనకున్నాయన ఎవరో ఇద్దరికీ తెలీదు, భీమిలి వైపు నుంచి పని కోసం వచ్చినోళ్ళల్లో ఒకరు అయ్యుండొచ్చని అంటున్నారు. వచ్చే వారం ఫొటో ప్రింట్ తీసుకుని మంగమారిపేట వెళ్తున్నాం, అక్కడ మా మేనత్త తోటికోడలు ఉంది, ఆవిడకి కళ్ళు ఇంకా బాగానే కనిపిస్తాయి.