పేరు మార్చుకున్న కాలేజీ

అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్ ఊళ్లో మా అమ్మాయి "ఎక్కడికి వెళ్దామమ్మా?" అంటే ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి అన్నాను. ముప్పై ఏళ్లు తహశీల్దారు ఆఫీసులో పనిచేసినదాన్ని. ప్రభుత్వాన్ని నడపడం నేర్పే కాలేజీని ఒక్కసారైనా చూడాలని నా కోరిక.

ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలు దిగి, 'డింకీ' అనే చిన్న రైలెక్కితే ఐదు నిమిషాల్లో యూనివర్సిటీ. నేను చూడాలనుకున్న కాలేజీ, అంటే పబ్లిక్ పాలసీ, అంతర్జాతీయ వ్యవహారాలు చెప్పే స్కూల్, రాబర్ట్‌సన్ హాల్ అనే భవనంలో ఉంది. చుట్టూ తెల్లటి సన్నని స్తంభాలు, గుడి మండపంలా ఉంది. న్యూయార్క్ జంట టవర్లు గీసిన మినోరు యమసాకి దీన్నీ గీశారు. 1966 మేలో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ వచ్చి ప్రారంభించారు. ఎదుట పెద్ద కంచు ఫౌంటెన్. థీసిస్ ఇచ్చేసిన పిల్లలు ఆ నీళ్లలోకి దిగి కేరింతలు కొడతారట!

నన్ను ఆపేసింది మాత్రం ఆ ఆవరణలోనే ఉన్న నలుపు తెలుపుల ఎత్తైన స్తంభం. 2019లో పెట్టారు. దాని మీద ఉడ్రో విల్సన్ మాటలూ ఉన్నాయి, ఆయన్ను తప్పుపట్టినవాళ్ల మాటలూ ఉన్నాయి. ఆయన ఈ యూనివర్సిటీకే అధ్యక్షుడుగా చేసి, తర్వాత దేశాధ్యక్షుడయ్యారు. 1930లో మొదలైన ఈ స్కూల్‌కు 1948 నుంచి ఆయన పేరే ఉండేది.

కానీ ఆయన హయాంలోనే కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో నల్లజాతి ఉద్యోగులను వేరుచేసి కూర్చోబెట్టారు. 1914 నుంచి ఉద్యోగ దరఖాస్తుకు ఫోటో జతచేయాలన్నారు. అమ్మాయి ఫోన్‌లో చూసి ఈ సంగతి చెబుతుంటే నాకు గుండె కలుక్కుమంది. నా సర్వీసులో ఎన్ని వేల దరఖాస్తులు చూశానో! ఫోటో లేకపోతే "అంటించి తీసుకురండి" అని వెనక్కి పంపేదాన్ని. ఆ చిన్న కాగితం ముక్కతో మనిషి రంగు చూసి ఉద్యోగం ఎగ్గొట్టవచ్చని ఒక్కనాడూ తట్టలేదు.

విద్యార్థులు 2015లోనే విల్సన్ పేరు తీసేయాలని యూనివర్సిటీ అధ్యక్షుడి ఆఫీసులో బైఠాయించారు. అప్పుడు తీయలేదు. జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసు చేతిలో చనిపోయిన తర్వాత, 2020 జూన్‌లో తీసేశారు. ఆలస్యమైనా మంచిపని చేశారు. ప్రజాసేవ నేర్పే చోట, తోటి ఉద్యోగుల్ని అవమానించినాయన పేరు ఉండకూడదు. స్తంభాన్ని ఉంచడం ఇంకా నచ్చింది. జరిగింది చెరిపేయకుండా, చదవమని ముందు పెట్టారు.

"అక్కడ నిలబడమ్మా, ఫోటో తీస్తా" అంది అమ్మాయి. స్తంభం మీది అక్షరాలు కూడా పడేలా తియ్యమన్నాను.