శివారు గేజీ

2021లో నేను సహాయక ఇంజనీరు నుంచి డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు)గా పదోన్నతి పొంది, గోదావరి మధ్య డెల్టాలో నాలుగు సెక్షన్లున్న ఒక సాగునీటి సబ్‌డివిజన్‌లో చేరాను. అంతకుముందు నా సెక్షన్‌లో ఏ తూము తలుపు తుప్పు పట్టిందో, ఏ మలుపులో గుర్రపుడెక్క పేరుకుందో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని. నాకు మంచి పేరు తెచ్చినది ఆ పట్టే. దాన్నే నాలుగు సెక్షన్ల మీదా నిలుపుకోవాలని చూడటం పొరపాటని తెలుసుకోవడానికి నాకొక దాళ్వా (రబీ) కాలం పట్టింది.

ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో 1982 నాటికి కట్టిన బ్యారేజీ నేడు సుమారు 10 లక్షల ఎకరాలకు నీరిస్తున్నది. సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, గోదావరి నిండుగా ఉంటుంది కనుక చిన్న లోపాలు బయటపడవు. దాళ్వాలో నది సన్నబడి, సీలేరు నుంచి వచ్చే నీటి కోసం ఎదురుచూసే రోజుల్లో కాలువలకు వంతులు వేస్తాము, అప్పుడు ఎగువ తూము చెప్పిన సమయానికి దిగకపోతే దాని ఫలితం కాలువ చివరనున్న శివారు చేలో నెర్రెలుగా కనిపిస్తుంది.

2022 ఫిబ్రవరిలో సరిగ్గా అదే జరిగింది. ఎగువ రైతుల ఫిర్యాదు విని నేను తూము తలుపులు ఎత్తి దించే లస్కరుకు నేరుగా ఫోన్ చేసి తలుపు మరికాస్త ఎత్తించాను, ఆ తూమును ఆ సాయంత్రం దించాలని సెక్షన్ ఇంజనీరు అప్పటికే చెప్పి ఉన్నారు. పై అధికారి మాట కాదనలేక లస్కరు నా మాటే పాటించాడు, శివారు ఊరికి ఆ వంతు దక్కలేదు. పొట్ట దశలో ఉన్న వరి అది. మరునాడు ఆ ఇంజనీరు నా గదిలోకి వచ్చి, "మీరు లస్కరుతో నేరుగా మాట్లాడేస్తే రేపటి నుంచి నేనిచ్చే వంతును ఎవరు నమ్ముతారండీ మేడమ్?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. అన్ని తూములనూ నేనే చూసుకుంటున్నానన్న తృప్తిలో, నలుగురు సమర్థులైన ఇంజనీర్లను నేనే నిర్ణయాలు తీసుకోనివ్వకుండా చేశానని అప్పుడు అర్థమైంది.

ఆ వారమే ఒక కాగితం మీద, నన్ను అడగకుండా సెక్షన్ స్థాయిలో తేల్చదగిన విషయాలు రాసి నలుగురికీ ఇచ్చాను. వంతుల్లో స్వల్ప మార్పులు, లస్కర్ల పని కేటాయింపు, గుర్రపుడెక్క తొలగింపు వారివి. గట్టుకు గండి ప్రమాదం, సెక్షన్ల మధ్య నీటి తగాదా నావి. రోజూ ఉదయం నేను చూసేది కాలువల చివర నీటి మట్టం చూపే శివారు గేజీలే. అక్కడ మట్టం సరిగా ఉంటే ఎగువన పని సవ్యంగా సాగుతున్నట్టే, తగ్గితే ఏ సెక్షన్‌ను అడగాలో తెలుస్తుంది.

అదే ఏడాది జూలైలో వరద వచ్చింది. ధవళేశ్వరం వద్ద 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ వరదలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏటిగట్టు మీద రెండు రాత్రులు నిద్ర లేకుండా గడిపి, మూడో రోజు ఉదయం ఇసుక బస్తాల లారీని ఊటలు పడుతున్న చోటికి కాక మరో కిలోమీటరు రాయి దగ్గరకు పంపించాను. ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్ వెంటనే గమనించి దారి మళ్లించాడు కాబట్టి సరిపోయింది. బాధ్యత గల మనిషికి నిద్ర కూడా విధిలో భాగమేనని ఆ ఉదయం నుంచి గట్టిగా నమ్ముతున్నాను. వరద విధులకు పన్నెండు గంటల వంతులు వేసి, మొదటి పేరుగా నాదే రాస్తున్నాను.

ఈ దాళ్వాలో ఒక సెక్షన్ ఇంజనీరు వంతుల పట్టికను నాకు చూపకుండానే రైతులకు ప్రకటించారు. రెండు ఊళ్ల క్రమం నేనైతే వేసేదానికి తలకిందులుగా ఉంది. ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేశాను. నాలుగో రోజున శివారు గేజీ దగ్గరకు వెళ్లి చూస్తే నీళ్లు గుర్తు దాకా ఉన్నాయి.