సోషల్ మాస్టారి ఆరు గడుల కాగితం

మన బడి పాత విద్యార్థుల సమ్మేళనానికి జ్ఞాపకాలు రాయమని కమిటీ పెట్టిన గడువు దాటాక పంపుతున్నాను, వేసుకుంటే వేసుకోండి. ఎనిమిదో తరగతి, క్రికెట్ కిట్టు, గేటు బాబాయి విజిలు ఇవన్నీ మనం డబ్బా అని పిలిచేవాడు ఎలాగూ రాస్తాడు. నాకు మాత్రం సోషల్ మాస్టారు మనచేత నిమిషం సినిమాలు తీయించిన శనివారం పీరియడ్లు చాలు.

తెల్ల కాగితాన్ని నిలువునా సగానికి, అడ్డంగా మూడు భాగాలుగా మడిస్తే ఆరు గడులు. గడికొక షాటు, షాటుకి పది సెకన్లు, మొత్తం ఒక నిమిషం. గడిలో బొమ్మ వంకరగా ఉన్నా ఫరవాలేదు, మనిషి ఎటు చూస్తున్నాడో బాణం గుర్తు ఉండాలి. కింద ఒకే వాక్యం: ఇక్కడ ఏం వినపడాలి? జట్టుకి ఐదుగురు. ఒకరిది కెమెరా, ఒకరిది హెడ్‌ఫోన్లు, ఒకరిది పలక, ఒకరిది కాగితం, ఐదోవాళ్ళది కథ. షాటు మారితే మిగతా నలుగురి పనులూ మారతాయి కానీ, కథ ఎవరిదో ఆఖరి మాట వాళ్ళదే. 'మా ఇంట్లో నాకొక్కడికే తెలిసిన చోటు' అన్న అంశానికి అలా కాకపోతే, లీడరు చెప్పిందే ఐదుగురి కథా అయి కూర్చునేది.

జూమ్ మీట మీద ప్లాస్టర్ అంటించి ఉండేది, గుర్తుందా? జూమ్ చేస్తే చెయ్యి వణుకు కూడా పెద్దదవుతుంది. దగ్గరగా కావాలంటే నడిచి వెళ్ళాల్సిందే. పలక మీద సుద్దతో గడి నంబరు రాసి చూపించాలి, రికార్డు నొక్కి మూడు లెక్కపెట్టాలి, పది సెకన్లు కదలకూడదు, మళ్ళీ మూడు లెక్కపెట్టి ఆపాలి. ఆ ముందూ వెనకా మూడేసి సెకన్లు లేకపోతే కత్తిరించేటప్పుడు మొదటి మాట సగం ఎగిరిపోతుంది. కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం నల్లబడుతుంది, అందుకే ముఖం కిటికీ వైపు, కెమెరా కిటికీ పక్కన. ఫ్యాను ఆపాల్సిందే, ఏప్రిల్ అయినా సరే. చెవి వదిలేసే ఫ్యాను హోరుని మైకు వదలదు.

అసలు సంగతి గొంతులో ఉండేది. క్లాసులో లేచి నిలబడితే నోరు పెగలని మన మూడో బెంచీ వాళ్ళు, ముఖం కనపడదంటే మాట్లాడారు. బొమ్మ ముందు తీసి, మాట తర్వాత విడిగా రికార్డు చేసేవాళ్ళం. ఇనప బీరువాల గదిలో గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుండేది. కాబట్టి లైబ్రరీలో పుస్తకాల మధ్య, వెనక దుప్పటి కట్టి, మైకు నోటికి జానెడు దూరంలో. ఆ కాసేపు మాస్టారు వరండాలో ఉండేవారు. పెద్దవాళ్ళు గదిలో ఉంటే పిల్లలు వ్యాసం చదువుతారు.

ఎడిటింగ్ అప్పటి విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లోని మూవీ మేకర్ అనే ప్రోగ్రాములో. కెమెరాలోని చిన్న క్యాసెట్టుని, అంటే మినీడీవీ టేపుని, కెమెరాని కంప్యూటర్‌కి కలిపే ఫైర్‌వైర్ తీగ మీదుగా ఎక్కిస్తే గంటకి దాదాపు 13 జీబీ. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులో ఒక ఫైలు 4 జీబీ దాటదు కనుక జట్టు జట్టుకీ విడిగా ఎక్కించాలి. ప్రాజెక్టు ఫైల్లో వీడియో ఉండదు, అది ఎక్కడుందో అడ్రసు మాత్రమే ఉంటుంది. ఎవరైనా ఫోల్డరు జరిపారా, అన్నీ ఎర్ర ఇంటూ గుర్తులే. మాటకీ పాటకీ కలిపి ఒకే ఆడియో వరస. ముందు మాటతో సినిమా సేవ్ చేసి, దాన్నే మళ్ళీ తెచ్చి పాట కలపాలి. ఎక్స్‌పీలో భారతీయ లిపుల ఫైళ్ళు విడిగా ఎక్కించకపోతే ఒత్తులు ఊడి పక్కన పడేవి. అందుకే టైటిల్స్ బోర్డు మీద రాసి షూట్ చేసేవాళ్ళు, అన్నీ డ్రిల్లు మాస్టారి దస్తూరిలోనే.

చూపించేటప్పుడు తీసినవాళ్ళు నోరు మెదపకూడదు. చూసినవాళ్ళు ముందు 'ఏం కనపడింది' చెప్పాలి, 'బాగుంది' అనడం నిషిద్ధం. ఆ తర్వాతే తీసినవాళ్ళ వంతు, దేన్ని ఎందుకు తీసేశారో కూడా చెప్పాలి.

టీచర్లకి ఇదే నేర్పి ఇప్పుడు జీతం తీసుకుంటున్నాను, మా ఇంట్లో దీన్ని ఉద్యోగమంటే ఇంకా నమ్మరు. ఫోన్లు వచ్చినా కాగితం మారలేదు. ఫోను అడ్డంగా పట్టుకోవాలి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. కొన్ని ట్యూబులైట్ల కింద సెకనుకి 30 ఫ్రేముల్లో తీస్తే గీతలు పాకుతాయి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, షట్టరు సెకనులో 50వ వంతు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపాలి, మామూలుగా పంపితే నలిగిపోతుంది.

సమ్మేళనంలో మన టేపులు వెయ్యాలని కమిటీ అనుకుంటోందట. పెట్టెలోంచి తీసిన వెంటనే ప్లేయర్‌లో పెట్టకండి. బూజు ఉందేమో చూసి, లేకపోతేనే ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టి, అప్పుడు ఎక్కించండి. ఎవరి కథలు వాళ్ళని అడక్కుండా స్టేజీ మీద వెయ్యకండి. పదో తరగతి వార్షికోత్సవానికి కూడా 'వద్దు' అన్న ఇద్దరివి మాస్టారు వెయ్యలేదు. ఆ ఇద్దరూ ఇప్పుడు గ్రూపులోనే ఉన్నారు.