వేల్స్‌లో ఇంటిపేరు అడిగితే

ఫారంలో ఇంటిపేరు ఏ గడిలో రాయాలి, అసలు పేరు ఏ గడిలో రాయాలి అన్న టెన్షన్ బయటి దేశాల్లో పిల్లల్ని పెంచే తెలుగువాళ్లందరికీ ఉండేదే. మేముండేది బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో, స్వాన్సీ ఊళ్లో. ఈ విషయంలో మాది కాస్త అదృష్టమే అంటాను, ఎందుకంటే ఇక్కడివాళ్లకి ఒకప్పుడు సర్‌నేమ్ అనేదే లేదు.

పేరు పక్కన తండ్రి పేరు, అంతే. కొడుకైతే మధ్యలో ‘అప్’, కూతురైతే ‘వెర్ఖ్’. 1282లో యుద్ధంలో చనిపోయిన వేల్స్ పాలకుడు లెవెలిన్ అప్ గ్రిఫిద్ పేరుకి అర్థం గ్రిఫిద్ కొడుకు లెవెలిన్. అవసరమైతే తాత, ముత్తాత అంటూ మన పెళ్లిళ్లలో ప్రవర చదివినట్టు వరసగా చెప్పుకుపోయేవారు. 1536, 1543 చట్టాలతో వేల్స్‌ని ఇంగ్లండ్‌లో కలిపేశాక కోర్టులూ దస్తావేజులూ ఇంగ్లీషులోకి మారాయి, రాసేవాళ్లకి ఈ వరస కుదరలేదు. దాంతో ముందు డబ్బున్న కుటుంబాలూ, ఆ తర్వాత నెమ్మదిగా (కొన్ని పల్లెల్లో 19వ శతాబ్దం దాకా పట్టింది) మిగతావాళ్లూ ఏదో ఒక తరంలో ఆగిపోయి ఆ తండ్రి పేరునే ఇంటిపేరు చేసుకున్నారు.

ఆ ‘అప్’ మాత్రం పూర్తిగా పోలేదు, పేరుకి అతుక్కుపోయింది. అప్ రీస్ ప్రైస్ అయింది, అప్ హ్యూ ప్యూ అయింది, అప్ హవెల్ పవెల్ అయింది. అచ్చు ముందు అది ‘అబ్’ కాబట్టి అబ్ ఒవైన్ బోవెన్ అయింది. ఇది చెప్పగానే మా అమ్మాయి ప్రవళిక తన క్లాసు రిజిస్టరంతా నెమరేసుకుని ఎవరు ఎవరి కొడుకో తేల్చే పనిలో పడింది. బెవన్ అంటే ఎవాన్ కొడుకు అని తనే పట్టేసింది. 1948లో ఎన్‌హెచ్‌ఎస్‌ని (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవని) మొదలుపెట్టిన మంత్రి అనైరిన్ బెవన్ ఈ వేల్స్ మనిషే. ఇక్కడ మనవాళ్లలో ఎంతమంది ఇళ్లు ఆయన మొదలుపెట్టిన ఆ ఎన్‌హెచ్‌ఎస్ జీతాలతో నడుస్తున్నాయో చెప్పక్కర్లేదు.

జాన్ కొడుకులంతా జోన్స్‌లు. తమాషా ఏంటంటే ఇక్కడి భాష వెల్ష్ పాత అక్షరమాలలో ఆ ‘జె’ అక్షరమే లేదు. 2006లో కార్డిఫ్‌లో 1,224 మంది జోన్స్‌లు ఒకచోట చేరి రికార్డు కొట్టారు. ఊరినిండా ఒకే పేరుంటే గుర్తుపట్టడం ఎలా? పాలు పోసేవాడు ‘జోన్స్ ద మిల్క్’. కొన్ని ఇంటిపేర్లు మనిషి రూపాన్ని బట్టి వచ్చాయి: లాయిడ్ అంటే నెరిసిన జుట్టువాడు, గాఫ్ అంటే ఎర్రజుట్టువాడు, వాన్ అంటే చిన్నవాడు.

నాకు బాగా నచ్చింది ఆడవాళ్ల సంగతి. ఆ పాత పద్ధతిలో పెళ్లయినా అమ్మాయి ఫలానా వాళ్ల కూతురే, పేరు మారదు. మా అమ్మ ఇంటిపేరు పెళ్లిలో మారింది, నేను మార్చుకోలేదు. “నీదీ నాదీ ఎందుకు వేరు?” అని ప్రవళిక అడిగితే ఇప్పుడు చెప్పడం తేలిక. ‘వెర్ఖ్’ అంటే చాలు, దానికి అర్థమైపోతుంది.

పిల్లకి పొట్టి పేరు పెట్టాల్సింది, వీళ్లకి నోరు తిరగదు అని చాలామంది చెప్పారు. నోరు తిరగకపోవడమా? అంగారద్, మవాన్వి అని పిల్లలకి పేర్లు పెట్టుకునేవాళ్లు వీళ్లు! వాళ్ల టీచర్ పేరు మొదట్లో ఉండే శబ్దానికి తెలుగులో అక్షరమే లేదు, నాలుకని ‘ల’ దగ్గర పెట్టి పక్కల నుంచి గాలి ఊదాలి. ఇంగ్లీషువాళ్లు తన పేరుని ఖూనీ చేయడం చిన్నప్పటి నుంచీ భరించిన మనిషి కాబట్టి, ‘ళ’ తనకి సరిగ్గా పలికేదాకా ప్రవళికని వదల్లేదు. నాకు మాత్రం ఆవిడ పేరు ఇంకా రాలేదు, గాలి బదులు తుంపర్లు పడుతున్నాయని మా అమ్మాయి కంప్లైంట్.

మా చెల్లెలికి వచ్చే నెల డెలివరీ. తెలుగుకీ వెల్ష్‌కీ కుదిరే పేరు పంపమంది. సెరెన్ అంటే నక్షత్రం, ఐరా అంటే మంచు, కారిస్ ప్రేమ నుంచి వచ్చింది అని రాసి పంపాను. వాళ్లాయన మాత్రం వెంకట అనేది ఎక్కడో ఒకచోట రావాల్సిందే అంటున్నాడట.