సున్నుండల డబ్బా, బేతాళుడి ప్రశ్న

మన హాస్టల్ పూర్వ విద్యార్థుల సంచిక సంపాదకులు పంపిన ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. మీకు ఇష్టమైన వంటకం ఏది, దాన్ని ఎలా చేస్తారు, చిన్నప్పుడు చదివినవాటిలో మరిచిపోలేని పుస్తకం ఏది. ఒక్కోదానికి విడిగా జవాబు రాయమన్నారు. నేను మాత్రం మూడింటికీ కలిపే రాస్తున్నాను. మన హాస్టల్లో పెరిగినవాళ్ళకు తిండి కబురు చెబితే పుస్తకాల కబురు దానంతటదే వస్తుంది. ఇంటి నుంచి వచ్చిన ట్రంకుపెట్టెలో బట్టల పైన చిరుతిళ్ళ డబ్బా ఉండేది, బట్టల కింద కథల పుస్తకం ఉండేది. మంచం కింది నుంచి పెట్టె లాగిన చప్పుడు వింటే చాలు, చాపలు పరుచుకుని చుట్టూ చేరేవాళ్ళం.

నేను 1981లో ఆరో తరగతిలో చేరి 1986లో పదో తరగతి ముగించుకుని వెళ్ళాను. ఆ కాలంలో మనం కథలన్నీ ఆకలి మీదే చదివాం. అన్నం సరిగా పెట్టలేదని నా ఉద్దేశం కాదు. వేళకు పెట్టేవారు, అడిగినంత వడ్డించేవారు. కానీ ఎదిగే పిల్లలకు రాత్రి ఏడింటికి తిన్న భోజనం తొమ్మిదింటికల్లా అరిగిపోతుంది. స్టడీ అవర్ అయ్యాక, దీపాలు ఆర్పే ముందు దొరికే ఆ కాస్త సమయమే మన కథల వేళ. అందుకేనేమో, అప్పుడు చదివిన కథల్లో రాకుమారుల పేర్లు చాలావరకు మరిచిపోయాను గానీ, వాళ్ళు ఎక్కడ ఏం తిన్నారో మాత్రం చెప్పగలను.

గమనించారా, మన జానపద కథల్లో ఎవరూ ఖాళీ కడుపుతో సాహసం చేయరు. రాకుమారుడు ఏ వేళకు ఏ ఊరు చేరినా అక్కడొక పేదరాశి పెద్దమ్మ ఉంటుంది. కాళ్ళకు నీళ్ళిచ్చి, వేడన్నం పెట్టి, ఆ తరువాతే ఊళ్ళోని రాక్షసుడి సంగతో, నవ్వని రాకుమార్తె సంగతో చెబుతుంది. బయలుదేరే ముందు తల్లి చద్దిమూట కట్టి ఇస్తుంది. చెరువు గట్టున చెట్టు కింద ఆ మూట విప్పేసరికి ఎవరో ముసలివాడు ఆకలి అంటూ వస్తాడు. పెద్దకొడుకు కసురుకుంటాడు, రెండోవాడు మొహం తిప్పుకుంటాడు, చిన్నవాడు సగం పెడతాడు. ఈ కథను ఎన్ని రూపాల్లో చదివినా చిన్నవాడి మూటలో ఏముందోనన్న కుతూహలం నాకు తగ్గేది కాదు. పెరుగన్నమూ ఊరగాయ ముక్కా అని నేను ఊహించుకునేవాణ్ణి. జొన్నరొట్టె, ఎండుమిరపకాయల కారం అని నా పక్క మంచం మిత్రుడు పట్టుబట్టేవాడు. ఎవరి మూట వాళ్ళింటి నుంచే వచ్చేది.

చందమామ సంగతికి వస్తాను. నెల నెలా వచ్చే సంచిక ఒక ఎత్తు, మన లైబ్రరీలో బైండు చేసి పెట్టిన పాత సంచికలు మరో ఎత్తు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక అది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దినవారు కొడవటిగంటి కుటుంబరావు. నేను హాస్టల్లో చేరేనాటికే ఆయన లేరు. అయినా బైండు పుస్తకాల్లో మేం చదివిన ఆ తేట తెలుగు ఆయన చేతి మీదుగా వచ్చినదే. 1954లో మొదలైన 'తోకచుక్క', ఆ తరువాత వచ్చిన 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' వంటి సీరియళ్ళు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. వాటి మీద రచయిత పేరు ఉండేది కాదు. పెద్దయ్యాక ఆయన పేరు తెలిసినప్పుడు, మన బాల్యానికి ఇంత ఇచ్చిన మనిషికి చిన్నప్పుడే ఒక ఉత్తరం ముక్క రాసే వీలు లేకపోయిందే అనిపించింది.

నెల సంచిక రాగానే మొదట తెరిచేది బేతాళ కథనే. ఆ కథ చదవడానికి మన గదికి ఒక పద్ధతి ఉండేది. గదిలో ఒకరు పైకి చదవాలి, మిగిలినవాళ్ళు తింటూ వినాలి. చదివేవాడి చేతులు పొడిగా ఉండాలి కాబట్టి వాడి వాటా డబ్బా మూతలో తీసి పక్కన పెట్టేవాళ్ళం. మర్నాడు మరొకరి వంతు. బేతాళుడు ప్రశ్న వేయగానే చదివేవాడు ఆపి, కింది పేరాకు అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. ముగ్గురిలో ఎవరిది గొప్ప త్యాగం, రాజు ఎందుకు అలా తీర్పు చెప్పాడు, మంత్రి కూతురు ఎందుకు నవ్వింది, ఇలాంటి ప్రశ్నకు ప్రతివాడూ తన జవాబు చెప్పి కారణం కూడా చెప్పాలి. అందరూ చెప్పాకే చెయ్యి తీయాలి. విక్రమార్కుడి జవాబుతో ఎవరి జవాబు కలిస్తే డబ్బాలో మిగిలిన చివరి ఉండ వాడిది. ఎదుటివాడు చెప్పేది చివరిదాకా వినడం, నా మాటకు ఆధారం చూపించడం నేను అక్కడ నేర్చుకున్నాను. ఆ తరువాత కాలేజీలో ఎన్ని చర్చలు చూసినా అంత నిజాయితీగా వాదించుకోవడం చూడలేదు.

నియమం ఎంత గట్టిదైనా చేతులు చేతులే. మన బైండు పుస్తకాల్లో ఒక దానిలో ఎవరిదో నెయ్యి వేలు పడిన పేజీ ఉండేది. మరక ఉన్నంతమేర కాగితం అద్దంలా మారి, అవతలి పేజీలో శంకర్ గీసిన బొమ్మ ఇటు కనిపించేది. శవాన్ని భుజాన వేసుకుని, కత్తి చేతపట్టి నడిచే విక్రమార్కుడు, ఎడమకు తిరగాల్సినవాడు కుడికి తిరిగి, అక్షరాల మధ్య నడుస్తున్నట్టు ఉండేవాడు. దీపం ముందు ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు చూసేవాళ్ళమో. లైబ్రరీ మాస్టారు కూడా ఒకసారి చూసి, ఏమీ అనకుండా పుస్తకం మూసి అరలో పెట్టేశారు.

ఇక ఆ డబ్బాల గురించి. సంక్రాంతి సెలవుల తరువాతి వారం మన హాస్టల్లో పండుగే పండుగ. కరీంనగర్ వైపు మిత్రుల పెట్టెల్లో సకినాలు వచ్చేవి. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, తెల్లటి గుడ్డ మీద చేత్తో చుట్లు చుట్టి, కాస్త ఆరాక నూనెలో వేయించే ఆ సకినాలను నేను మొదటిసారి చూసింది మన చాప మీదే. అనంతపురం మిత్రుడి డబ్బాలో చెనిక్కాయల పొడి, అంటే వేరుశనగ పొడి. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరప, జీలకర్ర, ఉప్పు, చివరిలో పొట్టుతోనే వేసి దంచిన వెల్లుల్లి. మెస్‌లో చప్పటి పప్పు పడిన రోజున ఆ పొడి పక్కన ఉంటే ఇంకో రెండు ముద్దలు లోపలికి వెళ్ళేవి. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నా పెట్టెలో కందిపొడి, గోంగూర పచ్చడి, వాటన్నిటి పైనా అమ్మ చేసిన సున్నుండలు.

నాకు ఇష్టమైన వంటకం ఏదన్న ప్రశ్నకు నా జవాబు అదే. ఎలా చేయాలో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ మధ్య దుకాణాల్లో సున్నుండ పేరుతో అమ్మేవి పంచదార ముద్దల్లా ఉంటున్నాయి.

పొట్టు తీసిన మినపగుళ్ళతో చేస్తే ఉండలు తెల్లగా చూడముచ్చటగా ఉంటాయి. రుచి మాత్రం పొట్టుతో ఉన్న మినుముల్లోనే ఉంది. ఈ విషయంలో నా అభిప్రాయం మారదు. కిలో మినుములు ఏరి, గుప్పెడు బియ్యం కలుపుకుని, మందపాటి ఇనుప మూకుడులో సన్నసెగ మీద వేయించాలి. తొందరపడి మంట పెంచితే పైపొట్టు మాడుతుంది, లోపలి పప్పు పచ్చిగా ఉండిపోతుంది. ఇల్లంతా కమ్మటి వాసన వచ్చినా అప్పుడే దించకూడదు. ఒక గింజ తీసి చల్లారనిచ్చి కొరికి చూడాలి. కరకరలాడాలి, లోపల పప్పు లేత ఎరుపుకు తిరిగి ఉండాలి. మా అమ్మ ఆ గింజను నాచేత కొరికించేది. నేను తల ఊపాకే మూకుడు దించేది. మినుములు పూర్తిగా చల్లారాక తిరగలిలో విసరాలి. తిరగలి లేనివాళ్ళు మరలో ఆడించుకోవచ్చు, కాకపోతే మరీ మెత్తగా వద్దని చెప్పాలి. గుప్పెడు బియ్యం వేసింది అందుకే. పిండి కాస్త పలుకుగా ఉంటే నోట్లో అంగిటికి అంటుకోదు.

తరువాత ముప్పావుకిలో బెల్లం. తురిమి పిండిలో కలిపి ఊరుకుంటే చాలదు, రోట్లో వేసి పిండీ బెల్లమూ ఒకటయ్యేదాకా దంచాలి. అప్పుడు ఎక్కడ కొరికినా ఒకే తీపి ఉంటుంది. చివరిగా నెయ్యి కరిగించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. సుమారు 300 గ్రాములు పడుతుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలబడాలి, వేలితో తడితే విడిపోవాలి. అక్కడ ఆపేయాలి. తడి తగలని డబ్బాలో నెల రోజులు నిలవ ఉంటాయి. మన గదిలో ఏ డబ్బా అన్నాళ్ళు ఉందని!

నెలాఖరుకు పెట్టెలన్నీ ఖాళీ అయ్యేవి. ఆ రోజుల్లో మనల్ని ఆదుకున్నవి సోవియట్ పుస్తకాలు. మాస్కోలో రాదుగ, ప్రగతి ప్రచురణాలయాలు తెలుగులో అచ్చు వేసి పంపితే, విశాలాంధ్ర పుస్తక సంస్థవాళ్ళ ద్వారా మన దాకా వచ్చేవి. దళసరి కాగితం, పేజీ నిండా రంగుల బొమ్మలు. మంచు కురిసే ఆ ఊళ్ళలో ముసలివాళ్ళు సమోవారు అనే టీ కాచుకునే పాత్ర పక్కన కూర్చుని టీ తాగేవారు, పొయ్యి మీద జావ కాచుకునేవారు, నల్లరొట్టె కోసుకుని తినేవారు. ఆ రొట్టె రుచి మనలో ఎవరికీ తెలియదు. అయినా బొమ్మలో పొగలు కక్కే గిన్నె చూస్తే నోరూరేది. 'మొసలి కాజేసిన సూర్యుడు'లో మొసలి ఏకంగా సూర్యుణ్ణే మింగేస్తుంది. ఎలుగుబంటి వచ్చి దాని పని పట్టేదాకా లోకమంతా చీకటే.

నాకు అన్నిటికన్నా నచ్చింది గొడ్డలి జావ కథ. సెలవు మీద ఇంటికి పోతున్న సైనికుడు ఆకలితో ఒక పిసినారి అవ్వ గుడిసెకు వస్తాడు. ఇంట్లో ఏమీ లేదంటుంది. సరే, గొడ్డలితో జావ కాచుకుందాం అని గొడ్డలిని నీళ్ళలో వేసి పొయ్యి మీద పెడతాడు. రుచి చూసి, కాస్త ఉప్పు ఉంటే బాగుండు అంటాడు. అవ్వ ఉప్పు తెస్తుంది. తరువాత గుప్పెడు నూక, తరువాత వెన్న. ఇద్దరూ కడుపునిండా తింటారు. ఈ కథ విన్న వారమే మన గదిలో గొడ్డలి జావ పేరుతో ఒక వంటకం పుట్టింది. మెస్ నుంచి మరమరాలు, ఒకరి డబ్బా అడుగున మిగిలిన చెనిక్కాయల పొడి, ఇంకొకరి పెట్టెలోని ఉల్లిపాయ, నా గోంగూర పచ్చడి నూనె. ఎవరి దగ్గరా ఏమీ లేదనుకున్న రాత్రి అంత రుచైన తిండి తిన్నాం. ఇప్పటికీ మా ఇంట్లో వాన పడిన సాయంత్రం అదే చేస్తాం, అదే పేరుతో పిలుస్తాం.

1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఆ పుస్తకాల రాక ఆగిపోయింది. వాటిలో కొన్నింటిని మంచి పుస్తకం సంస్థ మళ్ళీ అచ్చు వేసింది. పిల్లలున్న ఇళ్ళలో అవి తప్పకుండా ఉండాలి. చందమామ కూడా ఆగిపోయింది గానీ, పాత సంచికలు ఇంట్లో ఉన్న మిత్రులు వాటిని దయచేసి పాత కాగితాల కింద అమ్మేయకండి.

ఒక పుస్తకం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు'. మన లైబ్రరీలోకి అది ఎలా వచ్చిందో గానీ, డబ్బాలు ఖాళీ అయిన రాత్రుళ్ళు దాన్ని కథల పుస్తకంలాగే వంతులవారీగా పైకి చదువుకున్నాం. బొబ్బట్ల దగ్గర ఒకడు, కజ్జికాయల దగ్గర ఇంకొకడు మళ్ళీ చదవమనేవారు. పాకాన్ని నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలని, అప్పుడే అరిసెల పిండి కలపాలని పొయ్యి ముఖం చూడకముందే మనకు కంఠతా వచ్చింది. మగపిల్లలకు వంటెందుకని అనే రోజుల్లో అది మనకు దొరికిన గొప్ప చదువు. మన బ్యాచ్‌లో చాలామంది ఈనాటికీ ఇంట్లో గరిటె పట్టడానికి కారణం ఆ పుస్తకమేనని నేను గట్టిగా నమ్ముతాను.

చివరిగా మిత్రులకు ఒక విన్నపం. అమ్మల వంటల కొలతలు చాలావరకు వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయాయి. అడగడానికి వాళ్ళున్నప్పుడే కూర్చుని రాయించుకోండి, వచ్చే సంచికకు పంపండి. అలాగే, ఆదివారం మధ్యాహ్నం మన వంట మాస్టారు చేసిన చింతపండు పులిహోర ఎలా చేసేవారో తెలిసినవాళ్ళు ముందుకు రావాలి. అందులో చివర కలిపింది ఆవపిండి అని నేనంటాను. కాదు, వేయించిన మెంతుల పొడి అని అనంతపురం మిత్రుడు ఇన్నేళ్ళుగా వాదిస్తున్నాడు. మెస్‌లో ఆయనకు సాయం చేసిన సీనియర్లు ఎవరైనా ఉంటే, పదిమందికి సరిపడే కొలతతో రాసి సంపాదకులకు పంపండి. పంపినవారికి నా సున్నుండల డబ్బా ఒకటి ఇంటికే వస్తుంది.